ఇరవై ఒక్క వేల దగ్గర గీత

1984 జులై 3

ఈ నోట్‌బుక్ ల్యాబ్ స్టోర్‌లో అడిగి తెచ్చుకున్నాను, పని కోసమని చెప్పి. పని పుస్తకం వేరే ఉంది. అందులో ఏ బఫర్ ఎంత కలిపానో, సెంట్రిఫ్యూజ్ ఎన్ని నిమిషాలు తిప్పానో ఉంటుంది. అందులో రాయలేనివి ఇందులో రాస్తాను.

డాక్టర్ గోపాలకృష్ణమూర్తిగారు ఇవాళ నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఆయన దగ్గర పదకొండేళ్లుగా చేస్తున్నాను. కూర్చోమనడం ఇది రెండోసారి. మొదటిసారి నేను కళ్లు తిరిగి పడబోయినప్పుడు.

"కమలా, ఈసారి పేపర్లో మీ పేరు ఉంటుంది. చివర కృతజ్ఞతల్లో కాదు. పైన, మా పేర్లతో పాటు," అన్నారు.

ఇప్పటికి ఆరు పేపర్లు వచ్చాయి. ఆరింటిలోనూ ఆఖరి పేజీలో, చిన్న అక్షరాల్లో, "సాంకేతిక సహాయానికి శ్రీమతి కమలకుమారికి కృతజ్ఞతలు" అని ఉంది. పెళ్లి శుభలేఖలో కింద ప్రెస్సు వాడి పేరు వేస్తారే, అలాగ. బీయెస్సీ చదివిన టెక్నికల్ అసిస్టెంట్‌కి అదే ఎక్కువని అందరి ఉద్దేశం. నాకూ అదే ఉద్దేశమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇవాళ ఆయన ఆ మాట అనగానే ఒళ్లంతా జివ్వుమంది. అంటే నాకు ఎప్పటినుంచో కావాలన్నమాట.

రాత్రి అన్నం పెడుతూ ఈయనకు చెప్పాను. మా ఆయన ఉమాపతి సెక్రటేరియట్‌లో గుమాస్తా. ఏది చెప్పినా ఫైలులా అటూ ఇటూ తిప్పి చూస్తారు.

"ఇంతకీ ఏంటట ఆ వస్తువు?"

"చిన్న ప్రొటీన్. మనిషి ప్రతి కణంలోనూ ఉంటుంది. కణం పైపొరకి లోపలివైపు అతుక్కుని, బయటినుంచి కబురొస్తే లోపలికి అందిస్తుంది. మా ప్యూన్ ఎల్లయ్యలాంటిది. చేతిలో చీటీ పెడితే లేస్తాడు, చీటీ ఇచ్చేసి వచ్చి కూర్చుంటాడు."

"కూర్చోకపోతే?"

"కణం ఆగకుండా పెరిగిపోతుంది. కేన్సరు."

"మా ఆఫీసుకి ఆ భయం లేదులే. అసలు లేచేవాడెవడు," అన్నారు.

1984 జులై 9

ఆ ప్రొటీన్ మనిషి కణాల్లోంచే తీయాలి. మనిషి కణాలు కిలోల లెక్కన ఎక్కడ దొరుకుతాయి? బిడ్డ పుట్టాక వెనక పడే మాయలో. ప్రసూతి ఆసుపత్రివాళ్లు కాగితం మీద అనుమతి ఇచ్చారు. కాగితం ఇచ్చినంత మాత్రాన మాయ చేతికి రాదని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

కాన్పుల వార్డు ఆయా మాణిక్యమ్మ. ఉండేది మా గౌలిపురలోనే, మా ఇంటి వెనక రెండో సందులో, వాళ్ల మరిది ఆగయ్య బర్రెల దొడ్డి పక్కన. చాలామంది బంధువులు మాయ అడిగి తీసుకుపోయి, కుండలో పసుపూ వేపాకూ వేసి, ఇంటి దగ్గరే పాతిపెడతారట. అడగనివాళ్లవి ఆసుపత్రి పారేస్తుంది. మాణిక్యమ్మ పారేయనివ్వదు.

"అడగనోళ్లవి నేనే బొంద పెడ్త అమ్మా. కుక్కలు పీకితె ఆ బిడ్డ బతుకు ఏం గావాలె? ఇరవై ఏండ్ల సంది గిదే పని నాది. నీకిచ్చి పాపం మోసుకోవాల్నా?"

గంటసేపు బతిమాలాను. చివరికి దారి దొరికింది. ఆమె కొడుకు పోయాక కోడలు లీలమ్మనూ ఇద్దరు పిల్లల్నీ ఆమే సాకుతోంది. మా ల్యాబ్‌లో గాజు సామాను కడిగే మనిషి కావాలి. లీలమ్మ సోమవారం నుంచి వస్తుంది.

దీన్ని ఎవరైనా లంచం అంటే ఒప్పుకోను. సాయం చేశాను.

మాణిక్యమ్మ ఒక్క షరతు పెట్టింది. "మీరు రుబ్బినంక మిగిలిందేదో డబ్బల వాపస్ తే. నేను బొందల ఏస్త. గప్పుడు నాకు ఫికర్ లేదు." తెస్తానన్నాను.

నేనూ ఒక మాట చెప్పాను. మాయ మొత్తంగా నాకివ్వొద్దు. బొడ్డుతాడూ పైపొరా తీసేసి, ముక్కలుగా కోసి, ఉప్పునీళ్లలో ఐసు మీద పెట్టి ఇవ్వమన్నాను. ఎలా కోయాలో చెప్పాను, కోసి చూపించలేదు. ఆ కోత నేనే ఆసుపత్రిలో చేయాలని డాక్టరుగారి లెక్క. నేనే చేస్తున్నానని ఆయనతో అన్నాను. ఎవరు కోస్తే ఏం, కత్తి కత్తే కదా. నాకు మొత్తంగా చూడ్డం ఇష్టం లేదు. కారణం ఇక్కడ రాసుకోనక్కర్లేదు.

1984 జులై 21

మొదటి విడత వచ్చింది. రుబ్బి, జల్లించి, తిప్పి, కొలిచాను. లీలమ్మ పని శుభ్రంగా చేస్తోంది. మిగిలిన పిప్పిని డబ్బాలో పెట్టి మాణిక్యమ్మకు ఇచ్చాను. దణ్ణం పెట్టి తీసుకుంది. నాకు నవ్వొచ్చింది.

1984 జులై 28

డబ్బా మర్చిపోయాను.

1984 ఆగస్టు 6

మళ్లీ మర్చిపోయాను. నిజం రాయాలంటే మర్చిపోలేదు. బస్సులో రెండు గంటలు ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చోలేక పిప్పి సింకులో పోశాను. మాణిక్యమ్మ గుమ్మం దగ్గరికొచ్చి అడిగింది. ల్యాబ్‌లోనే శుభ్రంగా పారేస్తారులే అన్నాను.

"పారేస్తరా. యాడ?"

"నీళ్లలో."

ఇంకేం లొల్లి చేస్తుందోనని భయపడ్డాను, చేయలేదు. అర్థం చేసుకుంది.

1984 సెప్టెంబరు 14

ఊళ్లో అల్లర్లు. కర్ఫ్యూ ఆరో రోజు. పొద్దున రెండు గంటలు సడలించారు. మా ఇంట్లో పాలూ లేవు, ఉల్లిపాయా లేదు. ఆ రెండు గంటల్లో ఈయన బేగంబజార్ దాకా పోయి వస్తానంటే వద్దన్నాను. తలుపు చప్పుడైతే పోలీసులేమోననుకున్నాను. మాణిక్యమ్మ. చేతిలో బకెట్టు, ఐసు, ముక్కలు. ఎప్పటికంటే రెట్టింపు.

"ఎట్లా వెళ్లావు ఆసుపత్రికి?"

"పోయిన. నీకు గావాలంటివి గద."

ఇలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. 

1984 సెప్టెంబరు 18

ఆయా కర్ఫ్యూలోనూ మాయ తెచ్చిపెట్టిందని, కోసిందెవరో చెప్పకుండా, డాక్టరుగారితో చెబితే ఆయన కూడా మెచ్చుకున్నారు. ముక్కలు మా ఇంటి ఫ్రిజ్‌లో దాచి, కర్ఫ్యూ ఎత్తేశాక తీసుకెళ్లాను. ఆ నాలుగు రోజులు ఈయన ఫ్రిజ్‌లోని మంచినీళ్లు ముట్టలేదు.

1984 అక్టోబరు 19

ముక్కలు లేవు. ఈ వారం కాన్పులు కాలేదంది మాణిక్యమ్మ.

1984 నవంబరు 23

వచ్చింది.

ప్రొటీన్లను బరువు ప్రకారం విడదీసే జెల్ మీద నీలం రంగు కడిగేకొద్దీ మిగతావన్నీ పోయి, ఒక్కటే గీత మిగిలింది. ఇరవై ఒక్క వేల బరువు దగ్గర, సన్నగా, తిన్నగా. పదహారో విడత. చీటీ, అంటే దాన్ని లేపే చిన్న అణువు, అతుక్కుంటోందో లేదో కూడా చూశాను. అతుక్కుంటోంది. అది కూర్చోవడం, లేవడం రెండూ మా గాజుగొట్టంలో జరుగుతున్నాయి.

డాక్టరుగారు జెల్‌ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసి, "మనిషిలోంచి ఇంత శుభ్రంగా ఇంకెవరూ తీసి ఉండరు," అన్నారు. రీసెర్చి చేస్తున్న వైకుంఠం నాకు స్వీటు తెచ్చిపెట్టాడు. ఆ కుర్రాడు మంచివాడు. పేపర్లో అతని పేరు రెండోది, నాది మూడోది.

లీలమ్మ కూడా వచ్చి చూసింది. "గింతేనా మేడం? గింత గీతకు గన్ని రోజులా?" అంది. అందరం నవ్వాం. చాలా ఏళ్ల తర్వాత ల్యాబ్‌లో గట్టిగా నవ్వాను.

1985 మార్చి 11

కొలతలన్నీ మూడేసి సార్లు వచ్చాయి. ఇరవై రెండు విడతలు. డాక్టరుగారు పేపరు రాయడం మొదలుపెట్టారు. పేరులో, మొదటి వాక్యంలో, అన్నిచోట్లా "మనిషి మాయ నుంచి" అని ఉంది. టైపు చేసిన మొదటి పేజీ అడిగి తీసుకుని ఇంటికి తెచ్చాను. ఈయన కళ్లద్దాలు పెట్టుకుని మూడు పేర్లూ పైకి చదివారు. మూడోది రెండుసార్లు చదివారు.

1985 జూన్ 26

పేపరు పంపేముందు జీన్ సంగతి కూడా ఒక పేరా ఉంటే బరువుంటుందన్నారు డాక్టరుగారు. ఈ ప్రొటీన్ జీన్‌కి దగ్గరి చుట్టమైన మనిషి జీన్ ముక్క ఒకటి విదేశాల నుంచి తెప్పించారు. వైకుంఠం తన నెత్తురులోంచి డీఎన్ఏ తీశాడు. మా మాయ విడతల్లో రెండు, ఎనిమిది, పన్నెండు నంబర్లవి ఫ్రీజర్లో ఉంటే వాటిలోంచీ తీశాడు. అన్నింటినీ ఒకే ఎంజైముతో కోసి, ఆ జీన్ ముక్క ఎక్కడెక్కడ అతుక్కుంటుందో ఎక్స్‌రే ఫిల్ము మీద చూడ్డం. మనుషులందరిదీ దాదాపు ఒకేలా రావాలి.

వైకుంఠం నెత్తురూ రెండో నంబరూ ఒకేలా వచ్చాయి. ఎనిమిదీ పన్నెండూ వేరేలా వచ్చాయి.

"ఎంజైము పాడైనట్టుంది మేడం. మళ్లీ చేస్తా," అన్నాడు.

"పాడైతే రెండోది ఎలా సరిగ్గా వచ్చింది?"

"అదే అర్థం కావట్లేదు. ఎనిమిదీ పన్నెండూ వేర్వేరు బిడ్డలవి కదా. తేడా వస్తే తేడాగా రావాలి. రెండూ అచ్చం ఒకేలా తేడాగా వచ్చాయి."

ఎనిమిదో నంబరు కర్ఫ్యూ వారంది.

1985 జూన్ 27

ఎంజైము పాడై ఉంటుంది.

1985 జులై 1

మళ్లీ అలాగే వచ్చింది. ఈసారి మూడో నంబరూ ఆరో నంబరూ కూడా వేశాడు. మూడు మనిషిలా, ఆరు ఆ రెండింటిలా.

మూడో నంబరు తర్వాతే పిప్పి నీళ్లలో పారేస్తారని మాణిక్యమ్మతో అన్నాను.

1985 జులై 2

పొద్దున్నే ఆగయ్య దొడ్డికి వెళ్లాను. ఆగయ్య పాలు పిండుతున్నాడు. మాణిక్యమ్మ పేడ ఎత్తుతోంది. పిండేదాకా ఆగి, ఆమెను గోడవారకు పిలిచాను.

"మాణిక్యమ్మా, కర్ఫ్యూలో ఎక్కడివి తెచ్చావు?"

"యాడివైతేందమ్మా. ముక్కలు గావాలంటివి, ఇచ్చిన."

"మనుషులవేనా?"

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. తప్పించుకునే మనిషి కాదు.

"బర్రెలవి. ఆగయ్యవి కొన్ని, గీ వాడకట్టుల దొడ్లవి కొన్ని. బర్రె ఈనిన దినం ఇస్తి. ఈనకపోతె కాన్పులు లెవ్వన్న."

అంత పెద్ద ప్రసూతి ఆసుపత్రి. వారమంతా కాన్పులే లేవంటే నమ్మాను నేను.

"ఎప్పటినుంచి?"

"నువ్వు నీళ్లల్ల పోస్తమన్నప్పటి సంది. మనిషి బిడ్డది మోరీల పోసెటందుకు నేనియ్యనమ్మా. లీలమ్మ నౌకరి నువ్వే ఇప్పిస్తివి, ఒట్టి చేతులతోని రాబుద్ధి గాలె. బర్రెది గూడ మాయనే గద. నువ్వేమన్న అడిగినవా? ముక్కలే గావాలంటివి, మొత్తం సూడనంటివి."

ఆగయ్య అటునుంచి, "ఏంది వదినె లొల్లి?" అన్నాడు.

"ఏం లేదు, నువ్వు పాలు పొయ్యిరాపో," అంది మాణిక్యమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. మొత్తంగా ఇచ్చి ఉంటే మొదటి రోజే తెలిసేది. మనిషి మాయ రొట్టెలా ఒకటే బిళ్ల. గేదెది బొత్తాల్లా విడివిడిగా ఉంటుంది. చూసినవాళ్లెవరూ పొరపడరు. చూడనన్నది నేను.

1985 జులై 3

ఇరవై రెండు విడతల్లో మూడు మనిషివి. పేపర్లోని ఒక్క అంకె కూడా ఆ మూడింటిది కాదు.

1985 జులై 5

చెప్పలేదు.

1985 జులై 8

చెప్పలేదు. డాక్టరుగారు ఊళ్లో లేరు. రేపు వస్తారు.

1985 జులై 10

వచ్చారు. పని ఒత్తిడిలో ఉన్నారు. ఈ స్థితిలో చెప్పడం భావ్యం కాదు.

1985 జులై 15

ఈయనకు చెప్పాను. ఫైలు తిప్పినట్టు తిప్పారు.

"గీత ఒకటే అంటున్నావు. అంకెలు ఒకటే వచ్చాయి. మూడు మనుషులవి ఉండనే ఉన్నాయి. నువ్వు నోరు మూసుకుంటే పోయేదేముంది?"

"అబద్ధం కదా."

"ఎవరికి నష్టం?"

పన్నెండేళ్లు. మూడో పేరు. ఎవరికి నష్టమని నేనూ వారంనుంచి నన్ను నేను అదే అడుగుతున్నాను.

1985 జులై 20

చెప్పాను.

నిజాయితీ అని రాసుకుందామని కలం పట్టుకున్నాను. కాదు. వైకుంఠం ఇంకో నాలుగు నంబర్లు పెట్టబోతున్నాడు. అతను కనుక్కునేలోపు నేను చెబితే మర్యాదగా ఉంటుందని చెప్పాను.

డాక్టరుగారు కూర్చోమనలేదు. నిలబెట్టే విన్నారు. కోతంతా నేను చేయలేదని చెప్పాక కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"గేదెదా?"

"అవునండీ."

"ఏడాది. ఏడాదిపాటు గేదెని చూసి మనిషి మనిషి అని రాశానా నేను?"

మళ్లీ అంతా మొదటినుంచీ చేస్తామన్నారు. ఈసారి మాయ మొత్తంగా, నా చేతుల్లో, నా కళ్లముందు రావాలి. పేరు తీసేస్తారేమో అనుకున్నాను. తీయలేదు. "ఇచ్చిన ఆయా ఎవరు?" అని అడిగారు. పేరు చెప్పలేదు.

1985 జులై 29

లీలమ్మ ఇవాళ రాలేదు.

1985 జులై 31

లీలమ్మని మాన్పించారు. గేటు దగ్గరే చెప్పి పంపేశారట. ఆఫీసు నిర్ణయం. నాకు సంబంధం లేదు.

1985 ఆగస్టు 4

ఆ రోజు పేరు చెప్పాను. చెప్పలేదని పైన రాశాను. నాకోసం రాసుకునే పుస్తకంలో నాకే అబద్ధం రాశాను. ఆయన రెండుసార్లు అడిగారు, మూడోసారి అడగకముందే చెప్పాను. ఆమె కోడలు ఇక్కడే గాజు సామాను కడుగుతోందని కూడా చెప్పాను. అది ఆయన అడగలేదు.

ఎందుకు చెప్పానంటే, తప్పు ఇంకొకరి మీదికి కాస్త జరిగితే నా వాటా తగ్గుతుందని. తగ్గింది. మూడో పేరు ఉంది.

1985 ఆగస్టు 12

లీలమ్మ ఆగయ్య దొడ్లో పేడ ఎత్తుతోంది. బస్సుకి ఆ సందులోంచి పోతే దగ్గర. ఇకనుంచి చుట్టూ తిరిగి పెద్దరోడ్డు మీదుగా పోతాను. మోకాళ్లకి నడక మంచిది.

1985 అక్టోబరు 8

ఇవాళ మాయ మొత్తంగా చేతికొచ్చింది.

మాణిక్యమ్మ ఆ వార్డులో కనబడితే మొహం తిప్పుకుంటుంది. ఒక నర్సు ఇచ్చింది. స్టీలు పళ్లెంలో వెచ్చగా ఉంది. ఒకవైపు గరుకుగా, ముదురు ఎరుపు. రెండోవైపు నున్నగా, నీలంగా, నరాలన్నీ నడిమికి వచ్చి తాడులో కలుస్తున్నాయి. పక్కగదిలో ఆ బిడ్డ ఏడుస్తోంది.

ఏడేళ్ల కింద నాకూ ఇలాగే పడి ఉంటుంది. పాప ఏడవలేదు. ఈయన గుడ్డలో చుట్టి తీసుకెళ్లారు. ఆ పాప వెనక ఇంకొకటి కూడా ఉంటుందనీ, దాన్ని ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి ఉంటారనీ నాకు అప్పుడు తట్టలేదు. అడగలేదు. అడగనివాళ్లలో నేనూ ఒకదాన్ని.

తాడు కోయడానికి చేతులు రాలేదు. ఏడ్చాను. నర్సు మొదటిసారి కదా అలాగే ఉంటుందంది. అవునన్నాను. తర్వాత కోశాను.

1985 డిసెంబరు 2

అతుక్కోవడం కొలవడానికి వాడే రేడియోధార్మిక చీటీల పార్సిలు ఓడరేవులో ఇరుక్కుపోయింది. వచ్చేసరికి సగం బలం పోయింది. మళ్లీ ఆర్డరు.

1986 ఫిబ్రవరి 17

గీత వచ్చింది. ఇరవై ఒక్క వేల దగ్గర. ఈసారి మనిషిది, మొత్తంగా మనిషిది. చీటీ అంతే బలంగా అతుక్కుంటోంది, అంతసేపే ఉంటోంది.

పాత ఎండబెట్టిన జెల్ బీరువాలో ఉంటే తీసి పక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. గేదెది ఏదో, మనిషిది ఏదో, కింద నంబరు లేకపోతే నేనే చెప్పలేను. చూస్తూ ఉంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఏడాదిపాటు నేను చేసిన వెధవపని అది. పాత జెళ్లన్నీ, వాటి కొలతల కాగితాలతో సహా, చింపి పారేశాను. డాక్టరుగారిని అడిగే చేశాను. "అవి నా కళ్లకి కనబడకూడదు," అన్నారు.

1986 మే 9

పేపరు రిజిస్టర్డు పోస్టులో వెళ్లింది. మూడో పేరు ఉంది.

1986 జూన్ 30

లైబ్రరీకి కొత్త పత్రిక వచ్చిందని వైకుంఠం పరుగెత్తుకొచ్చాడు.

విదేశాల్లో ఎవరో చేసేశారు. ఇదే ప్రొటీన్, ఇదే బరువు, మనిషి మాయ నుంచే. వాళ్లు పంపింది కిందటి నవంబరులో. మేము మొదటిసారి టైపు చేసి దాచుకున్నది అంతకు ఎనిమిది నెలల ముందు.

నేను నాలుగుసార్లు చదివాను. మూడో పేజీలో ఒక పేరా. ఆవు మెదడులోంచి కూడా వాళ్లు దీన్నే తీశారట. మనిషిదీ ఆవుదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ తేడా కనబడలేదట. ఇంత దూరపు జంతువుల్లో ఇది మారకుండా ఉందంటే జీవానికి ఇది ఎంత ముఖ్యమో ఆలోచించాలని రాశారు. ఆ పేరాయే అసలు సంగతి అని పత్రిక మొదట్లో సంపాదకుడు పొగిడాడు కూడా.

మేము చింపి పారేసిందే అది.

1986 జులై 4

డాక్టరుగారు పిలిచారు. కూర్చోమన్నారు. మూడోసారి.

"కమలా, ఒక్కమాట అడుగుతాను. గేదెదీ మనిషిదీ రెండూ మీ చేతిలో ఉన్నాయి కదా. పక్కపక్కన పెట్టి చూడాలని మీకెందుకు తట్టలేదు?"

పెట్టి చూశానని చెప్పలేదు. చింపెయ్యమన్నది మీరే కదా అనీ అనలేదు. ఆయనకు గుర్తుంది. గుర్తుండే అడిగారు. మా పేపరు వెనక్కి రావడం ఖాయమట, తెప్పించేసుకుందామన్నారు. ఇంకోచోట చిన్న నోటుగా వేయొచ్చట, చోటు తక్కువ కాబట్టి రెండు పేర్లు చాలట. నేను తలూపాను. పదమూడేళ్లుగా ఆ గదిలో నేను చేస్తున్న పని అదే.

కోపం లేదు. ఉంది. ఆయన మీద ఉంది, సముద్రం అవతలివాళ్ల మీద ఉంది, ఆ పార్సిలు మీద ఉంది. మాణిక్యమ్మ మీద మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు. ఏడాదిగా ఉందనుకుంటూ వచ్చాను.

1986 జులై 13

పెద్దరోడ్డు మీదుగా కాకుండా సందులోంచి వెళ్లాను.

మాణిక్యమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. లోపలికి రమ్మనలేదు. లీలమ్మ దొడ్లోంచి పేడతట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, నన్ను చూసి ఆగి, మళ్లీ లోపలికే వెళ్లిపోయింది. చేతులు మోచేతుల దాకా పగిలి ఉన్నాయి. మా ల్యాబ్‌లో ఆమెకు రబ్బరు తొడుగులుండేవి.

ఎందుకొచ్చానో నాకే సరిగా తెలియదు. క్షమించమని అడుగుదామని అనుకున్నట్టున్నాను. ఆ మాట నోటికి రాక, సంగతి చెబితే ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చేసింది తప్పు కాదని తేలింది కదా.

"మాణిక్యమ్మా, గేదెదీ మనిషిదీ ఒకటేనట. విదేశాల్లో పెద్దవాళ్లు తేల్చారు. పుస్తకంలో వేశారు. నువ్విచ్చిన ముక్కల్లో ఏ తేడా లేదు."

ఆమె చాట పక్కన పెట్టింది.

"ఏం తేడా లేదా?"

"లేదు. రెండూ ఒకటే."

"ఒక్కటే అయితె నా కోడలు నౌకరి ఎందుకు పోయిందమ్మా?"

గొంతు పెంచలేదు. ఎత్తిపొడవలేదు. నేను చదువుకున్నదాన్ని, పుస్తకంలో అది కూడా రాసి ఉంటుంది, చెబుతానేమోనని అడిగింది. అడిగి, నా మొహంలోకి చూస్తూ ఆగింది. దొడ్లో తట్ట కింద పెట్టిన చప్పుడైంది. లీలమ్మ కూడా వింటోంది.

నా దగ్గర జవాబు ఉంది. పేరు చెప్పింది నేనే అని. మూడు మాటలు. నోరు తెరిచాను కూడా.

"ఆఫీసువాళ్లు," అన్నాను.

"గట్లనా," అంది మాణిక్యమ్మ. చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.